ఇందూరు ఖిల్లా జైల్లో విన్నవాడు

నిజామాబాద్ (ఇందూరు) ఖిల్లా జైలు పేరెత్తగానే కవి దాశరథి కృష్ణమాచార్య గుర్తొస్తాడు. నిజాం పాలన చివరి రోజుల్లో అక్కడ బందీగా ఉండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడనీ, సిబ్బంది చెరిపేస్తే మళ్లీ రాశాడనీ ఇందూరు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠతా పట్టి మిగతావాళ్లకు వినిపించేవాడన్న సంగతి మాత్రం ఆ ముచ్చట చివర ఒక్క వాక్యంతో సరిపోతుంది. నాకు అసలు విషయం ఆ వాక్యంలోనే కనిపిస్తుంది. గోడ మీది బొగ్గు గీతను చెరపడానికి ఒక తడిగుడ్డ చాలు. శ్రద్ధగా విన్న మనిషి దగ్గరికి చేరిన మాటను చెరపడం జైలరుకు కూడా చేతకాలేదు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు.

వినడం మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని అనుకునేవాళ్లు హైదరాబాద్ రాజ్యంలో పాతికేళ్లు వెనక్కి వెళ్లి చూడాలి. 1921లో వివేకవర్ధని పాఠశాలలో సంఘసంస్కర్త కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని ఆరో సభ 1937లో నిజామాబాద్‌లోనే జరిగింది. అధ్యక్షుడు మందుముల నరసింగరావు ఉర్దూలో ‘రయ్యత్’ పత్రిక నడిపినవాడు. నిజాంసాగర్ నీళ్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కలిసి ఈ సీమ రూపు మారుస్తున్న కాలమది. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసిన ఇలాంటి చోట ఎదుటివాడి మాట చెవికెక్కకపోతే సంత బేరం కూడా తెగదు.

కంఠతా పట్టడం వేరు, వినడం వేరు, చిలక కూడా అప్పజెబుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. పద్యాల వరకే చూస్తే ఆ మాటలో బలముంది. కానీ ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ అనే కథల పుస్తకం కూడా రాశాడు. అందులో ఉన్నది నాయకులు కాదు, నేరం చేసి లోపలికొచ్చిన మామూలు మనుషులు. ‘పరిసరాలు’, ‘అవకాశమిస్తే’, ‘పతితుని హృదయం’ అన్న పేర్లు చూసినా చాలు, తీర్పు పక్కనపెట్టి వాళ్ల గోడు ఎంత దూరం విన్నాడో తెలుస్తుంది. జైల్లో పొద్దుపోక విన్నాడంటారా? అంతే పొద్దు అందరికీ ఉంది. రాజకీయ ఖైదీ దొంగ పక్కన కూర్చుని నీ సంగతేమిటని అడగాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇంకో ఆక్షేపణ గట్టిది: రచయిత వినేది కథాసామగ్రి కోసమేనని. ఆ ఆశ ఉండే ఉంటుంది, కాదనను. అయితే వంటపని చేసి, హోటల్లో సర్వరుగా నిలబడి, అక్షరం కోసం కష్టపడ్డ మనిషాయన. తన మాటకు విలువివ్వని వాళ్ల మధ్య బతకడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. పైగా స్వార్థంతో విన్నవాడు తనకు పనికొచ్చే ముక్క దొరకగానే లేచిపోతాడు. మనం రోజూ ఊఁ కొడుతూనే మనసులో జవాబు తయారుచేసుకుంటామే, అదీ ఆ కోవలోదే. ఆళ్వారుస్వామి కథల్లో ఖైదీ తన నేరం చెప్పాక కూడా మాట్లాడతాడు.