క్షేత్రపర్యటన నుంచి రచనకు: ఫ్రెనే అనుభవం, మన వ్యాసరచన

క్షేత్రపర్యటన ముగిసిన మరునాడు పిల్లలచేత వ్యాసం రాయించడం పాఠశాలల్లో పరిచితమైన పద్ధతే. అయితే పిల్లవాడు చూసినది అతని రచనలోకి ఎంతవరకు వస్తున్నదన్నది ఆలోచించవలసిన విషయం. ఫ్రెంచి ఉపాధ్యాయుడు సెలెస్తాన్ ఫ్రెనే (1896-1966) అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఫ్రెనే 1920లో దక్షిణ ఫ్రాన్సులోని బార్-స్యూర్-లూ గ్రామంలో ఉపాధ్యాయుడయ్యాడు. తరగతి గదిలో గొంతెత్తి ఎక్కువసేపు బోధించడం ఆయనకు కష్టమయ్యేది. అందుచేత మధ్యాహ్నం పూట పిల్లలను పొలాలవైపు, కమ్మరి, వడ్రంగి, నేతగాడు పనిచేసే చోట్లకు తీసుకువెళ్లేవాడు. తిరిగివచ్చాక చూసిన విశేషాలను నల్లబల్లపై రాసేవారు. ఆ వెంటనే పాఠ్యపుస్తకం తెరిస్తే మాత్రం పిల్లల ఉత్సాహం అణగిపోయేది. పుస్తకంలోని పాఠానికీ, అప్పుడే చూసివచ్చిన జీవితానికీ సంబంధం లేకపోవడమే ఇందుకు కారణమని ఫ్రెనే గ్రహించాడు.

1924లో ఆయన తరగతిలోకి చిన్న ముద్రణయంత్రం వచ్చింది. పిల్లలు తాము చెప్పినదాన్ని అందరూ కలిసి సరిదిద్దుకుని, అక్షరం అక్షరం కూర్చి అచ్చువేసేవారు. ఆ ప్రతులు దూరప్రాంతపు బడులకు వెళ్లేవి. అక్కడి పిల్లల రచనలు వీరికి అందేవి. ఈ విధంగా రచనకు విషయంతోపాటు నిజమైన పాఠకుడూ దొరికాడు. వర్ణక్రమం, వాక్యస్పష్టత మార్కుల కోసం కాక, ఎదుటివారికి అర్థం కావడం కోసం అవసరమయ్యాయి.

ఇంచుమించు ఇదే కాలంలో తెలుగునాట మరొక కోణంలో చర్చ సాగింది. పాఠశాల వ్యాసరచనలో శిష్టవ్యావహారికాన్ని అనుమతించాలని గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) వాదించాడు. 1910-20 మధ్య అది తీవ్ర వివాదమైంది. ఈ ఇద్దరి కృషికి ప్రత్యక్ష సంబంధం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. కాని పిల్లవాడి నోటి మాటకు రచనలో చోటుండాలన్న ఆలోచన ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

వ్యావహారికం నెగ్గింది; మూసవాక్యం మాత్రం పోలేదు. పోచంపల్లిలో మగ్గం చూసిన పిల్లవాడికి పడుగు, పేక, ఆసు, కండె అన్న మాటలు వినబడతాయి. అతని వ్యాసం “చేనేత మన సంస్కృతికి ప్రతీక” అన్న వాక్యంతో మొదలై, అక్కడే ముగిస్తే పర్యటన వల్ల భాషకు కలిగిన లాభం స్వల్పం. నేతగాడి మాటలను పిల్లవాడు తన వాక్యంలోకి తెచ్చుకున్నప్పుడు, ఆ రచనను ఉపాధ్యాయుడే కాక మరొక బడి పిల్లలు కూడా చదివినప్పుడు క్షేత్రపర్యటన భాషాపాఠమవుతుంది.