అమ్మమ్మ ఎత్తు ఎంత?

ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పిన రోజునుంచీ అమ్మమ్మ ఎత్తూ బరువూ ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాస్తున్నాను. మొదటి వరసలో 150 సెంటీమీటర్లు, 45 కిలోలు. బీఎంఐ 20. కొన్నేళ్ల తర్వాత, మొన్నటి వరసలో కూడా 20. గడి ఆకుపచ్చగానే ఉంది. నేనూ నిశ్చింతగానే ఉన్నాను.

అనుమానం అమ్మకొచ్చింది. "జాకెట్లు వదులైపోతున్నాయిరా. చీరేమో ఎంత పైకి దోపినా కుచ్చిళ్లు నేలమీద ఈడుస్తోంది."

అప్పుడు పక్క గడులు చూశాను. ఎత్తు 143, బరువు 41. బరువు తగ్గింది, దాంతోపాటు ఎత్తూ తగ్గింది. రెండూ కలిసి ఒకదాన్నొకటి దాచేశాయి. పాత ఎత్తుతోనే లెక్కేస్తే బీఎంఐ 18.2. తక్కువ బరువుకి గీత 18.5. ఫార్ములాలో తప్పేం లేదు, నేను దాన్ని అడగకూడనిది అడిగాను.

ఇంతకీ ఈ ఫార్ములా ఎవరిది? అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియన్‌ది. ఆయన డాక్టరు కాదు, గణితం, ఖగోళశాస్త్రం చదువుకున్నవాడు. 1835లో వచ్చిన పుస్తకంలో "సగటు మనిషి"ని అంకెల్లో పట్టుకోవాలని చూశాడు. పెద్దవాళ్లలో బరువు సుమారుగా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని గమనించాడు. ఊబకాయం ఆయన ప్రశ్నే కాదు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, 1972లో. అయిదు దేశాలకు చెందిన ఏడువేల పైచిలుకు మందిని లెక్కలోకి తీసుకున్నాడు. అందరూ మగవాళ్లే! మా అమ్మమ్మలాంటివాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేరు.

ఎత్తు వర్గంతో భాగించడం వెనక చెప్పకుండా వదిలేసిన ఒక నమ్మకం ఉంది: పెద్దయ్యాక ఎత్తు మారదు, మారేది బరువొక్కటే అని. ఎముకలు గుల్లబారినవాళ్లలో ఆ నమ్మకమే కూలుతుంది. వెన్నుపూసలు కొద్దికొద్దిగా నలిగి కుంగుతాయి. చాలాసార్లు కింద పడక్కర్లేదు, పెద్ద నొప్పీ ఉండదు. వీపు వంగుతుంది, మనం "వయసు కదా" అనేస్తాం. ఎత్తు తగ్గితే భాగించే అంకె చిన్నదవుతుంది, జవాబు పెద్దదవుతుంది. ఒక్క గ్రాము పెరగకుండానే బీఎంఐ పెరుగుతుంది. 45 కిలోలే ఉండి 143కి కుంగి ఉంటే అమ్మమ్మకి 22 వచ్చేది.

దీన్ని తేలిగ్గా తీసుకోడానికి లేదు. బక్కపలచగా ఉండటమే ఎముక విరిగే ప్రమాదాన్ని పెంచుతుంది. అంటే ఏ మనిషికి ఈ హెచ్చరిక అన్నిటికంటే ఎక్కువ అవసరమో, సరిగ్గా ఆ మనిషి దగ్గరే ఈ అంకె మూగబోతోంది.

తమాషా ఏంటంటే, ఎముక సాంద్రత పరీక్షలోనూ కెట్లే నీడ ఉంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత, టీ-స్కోర్ మైనస్ 2.5, కొలిచేది ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటునుంచి ఎంత దూరం జరిగామో. అక్కడ కనీసం, పోలిక ఎవరితోనో ఒప్పుకుంటుంది.

మరి ఏ ఎత్తు వాడాలి? వయసులో ఉన్నప్పటి ఎత్తు తెలిస్తే అది. తెలియకపోతే బారెడు కొలుస్తారు. వెన్ను కుంగినా చేతుల ఎముకలు పొట్టివి కావు గనక, చాచిన చేతుల కొసనుంచి కొసకి ఉన్న దూరం సుమారుగా పాత ఎత్తు చెప్తుంది. ఇప్పటి ఎత్తునీ పారేయకూడదు. అది ఎంత తగ్గిందన్నదే డాక్టరుకి మొదట చెప్పాల్సిన సంగతి.

ఆదివారం అమ్మమ్మని గోడకానించి, చేతులు చాపమని టేపు పట్టాను.

"ఏంట్రా, పొలంలో దిష్టిబొమ్మలా నిలబెట్టావు?"

"నీ ఎత్తు కొలుస్తున్నా అమ్మమ్మా."

"ఎత్తు అడ్డంగా కొలుస్తారా ఎవరైనా?"

151 వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో ఇంకో గడి చేర్చాను. బీఎంఐ గడికి రంగు తీసేశాను.