కోట దాటి షోకేసులోకి

మహబూబాబాద్ జిల్లా గంగారంలో బదిలీ అయిన టీచరుకు వీడ్కోలు చెప్పినా, భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు రిటైరైనా, జనగామలో కవికి సన్మానం చేసినా శాలువా, దండ తర్వాత చేతికొచ్చేది మెమెంటో. అందులో తరచూ కనిపించే బొమ్మ కాకతీయ కళాతోరణం. నిలువుగా స్తంభాలు, వాటి మీద అడ్డంగా బరువైన దూలం, పైన హంసలు. ఒక కట్టడం ఇంటింటి అలంకారంగా, ఇచ్చిపుచ్చుకునే కానుకగా మారడం ప్రపంచమంతా ఉన్నదే. మన దగ్గర అది జరిగిన తీరు మాత్రం వేరు.

అసలు తోరణాలు ఓరుగల్లు కోటలో ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగు. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన రాతి ద్వారాలవి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైంది. గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. వాటి మీద దేవతామూర్తులు లేకపోవడం వల్లే వదిలేశారని ఒక మాట ఉంది. కారణం ఏదైనా, గుడి లేకుండా ఒంటరిగా మిగలడమే తోరణానికి కలిసొచ్చింది. వెనక ఏమీ లేదు కాబట్టి ఆకాశం మీద దాని రూపురేఖ ఒక్క చూపులో కళ్లకు కడుతుంది.

ఈ సంగతి రామప్ప గుడితో పోల్చి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. శిల్పంలో తోరణం దానికి సాటిరాదు. కానీ రామప్పను అరచేతి సైజుకు కుదిస్తే మదనిక శిల్పాలు పోతాయి, నునుపు పోతుంది, పేరు రాస్తే తప్ప ఏ గుడో తెలియదు. తోరణాన్ని చొక్కా గుండీ అంత చేసినా గుర్తుపడతాం. 2014లో ఏలె లక్ష్మణ్ గీసిన తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు అది అంత తేలిగ్గా ఇమడడానికి కారణం ఇదే.

చార్మినార్‌ది ఇంకా పాత ప్రయాణం. 1591 నాటి ఆ కట్టడం నిజాం రూపాయి నాణెం మీదికెక్కింది, సిగరెట్ పెట్టె మీదికెక్కింది, చివరికి ఆస్‌బెస్టాస్ రేకులకు బ్రాండు పేరయింది. పల్లెల్లో ఎన్నో ఇళ్లు ఆ పేరున్న రేకుల కిందే ఎండావానలు గడిపాయి. కట్టడం పేరుతో ఇంటి కప్పు! ఇంతకు మించిన గృహోపకరణం ఎక్కడ దొరుకుతుంది?

తోరణాన్ని రాతి నుంచి లోహంలోకి తెచ్చింది ప్రధానంగా పెంబర్తి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామకు కాస్త ముందు వస్తుంది ఆ ఊరు. కాకతీయుల కాలంలో గుళ్లకూ రథాలకూ లోహపు రేకుల తొడుగులు చేసింది ఇక్కడి విశ్వకర్మలేనని చెబుతారు. రాజ్యం పోయాక పని సన్నగిల్లింది. నిజాంల కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లతో మళ్లీ ఊపిరి పోసుకుంది. అంటే గిరాకీ ఎటుంటే సుత్తి అటు తిరిగింది: దేవుడికి, తర్వాత దివాణానికి, ఇప్పుడు సభలకు. 2010లో పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

పని దగ్గర కూర్చుని చూడాలి. ముందు కాగితం మీద బొమ్మ. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు, లేకపోతే దెబ్బకు పగులుతుంది. దాన్ని లక్క మీద అతికిస్తారు. లక్క దెబ్బను తట్టుకుంటూనే ఒత్తిన చోట లోపలికి దిగుతుంది. రేకు చిరగకుండా ఉబ్బడానికి అదే ఆధారం. కోసుమొన ఉలి గీతకు, మొద్దుమొన ఉలి ఉబ్బుకు. కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కుతుంది, మళ్లీ కాల్చాలి. ఒకవైపు ఉబ్బించి, తిప్పి, రెండోవైపు నుంచి అంచులు తీరుస్తారు. మెమెంటో తోరణంలో స్తంభాలు, దూలం ఎక్కువగా సాదా తలాలే కాబట్టి వెలుతురు వాటి మీద నిండుగా పరుచుకుంటుంది. చేతిపనికి పరీక్ష పెట్టేది పైనున్న హంసలే. మెడ వంపు ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే బాతు అవుతుంది.

సాదా తలం, స్పష్టమైన ఆకారం, లోహం: ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పులు కోరుకున్నవీ ఇవే. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ అనే కళల బడి భవనానికీ టీ కెటిలుకూ ఒకే దృష్టి ఉండాలంది. అక్కడి లోహపు కార్ఖానాలో 1924లో మరియానే బ్రాండ్ చేసిన చిన్న టీపాత్ర అర్ధగోళం, వృత్తం లాంటి మూల రూపాలతోనే తయారైంది. మన దేశానికి వచ్చిన అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958 నాటి తమ ఇండియా రిపోర్టులో మన చెంబును ఆకాశానికెత్తారు. చెంబుకు దక్కిన ఆ మెచ్చుకోలుకు చండీగఢ్ కథ తిరగేసినట్టుంటుంది. వాస్తుశిల్పి లే కార్బూజియే రూపొందించిన ఆ నగరం కోసం పియర్ జాన్రే బృందం గీసిన టేకు, కేన్ కుర్చీలను ఆఫీసులు తుక్కు కింద వేలం వేశాయి. అవే విదేశాల్లో లక్షలు పలికాయి. 2011లో కేంద్రం వాటి అమ్మకాన్నీ ఎగుమతినీ అడ్డుకుంది గానీ అప్పటికే చాలా సరుకు సముద్రం దాటింది.

మన దగ్గర ఆధునిక కట్టడాలు లేక కాదు. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా పుట్టింది 1930లో సికింద్రాబాద్‌లో. ఆయన రూపమిచ్చిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్) కార్యాలయం 1968లో హైదరాబాద్‌లో పూర్తయింది. ఎండను పైనే ఆపే పందిరి కప్పు, లోపల మొక్కలున్న ఆవరణ దాని ప్రత్యేకత. ఆ పేరు బస్సు బోర్డు మీద రోజూ చదివే ఊరికి ఆ భవనం ఎలా ఉంటుందో తెలియదు. చార్మినార్‌కు, తోరణానికి దక్కిన ఆదరణ దీనికి దక్కకపోవడం న్యాయం కాదు. దాని గీతలు ఇత్తడి రేకుకు చక్కగా ఒప్పుతాయి. పుస్తకాల ఒత్తు, గోడ గడియారం, దీపపు గూడు ఏదైనా చేయొచ్చు. పెంబర్తి చేతులకు కొత్త పని చేతకాక కాదు, గీసిన బొమ్మ పట్టుకెళ్లి ఇది చేసిపెట్టమని అడిగేవాళ్లు తక్కువ.

పైగా పాత బొమ్మకూ పోటీ వచ్చింది. లేజరుతో కోసిన అక్రిలిక్ తోరణాలు, అచ్చుపోసిన ఫైబర్ తోరణాలు చవగ్గా దొరుకుతున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. ఇత్తడి బొమ్మను చెక్కకు బిగించకముందు వెనక్కి తిప్పి చూడండి. చేత్తో కొట్టినదైతే ముందు ఉబ్బిన ప్రతిదీ వెనక గుంటగా, ఉలి గుర్తులతో కనిపిస్తుంది. ఈసారి సంఘం తరఫున మెమెంటోలు ఆర్డరిచ్చే బాధ్యత మీ మీద పడితే, జనగామ దారిలో ఒక గంట ఆగి పెంబర్తిలోనే బేరం కుదుర్చుకోండి. వీలైతే మీ ఊళ్లో మీకు నచ్చిన ఏదో ఒక కొత్త కట్టడం బొమ్మ గీయించి తీసుకెళ్లండి.