ప్యారిస్ నగరంలో మన మన్యం కాఫీ

పొద్దున్నే గొంతులో కాఫీ పడందే మనలో చాలామందికి కాలూ చెయ్యీ ఆడదు కదండీ! ఆ కాఫీ చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పమంటే, ఫిల్టరు దగ్గర కాకుండా ప్యారిస్ నగరం దగ్గర మొదలుపెడుతున్నాను. మావారూ నేనూ కలిసి మొట్టమొదటగా చూసిన విదేశీ నగరం అదే. పైగా కాఫీకీ ఆ ఊరికీ ఉన్న చుట్టరికం చాలా పాతది.

ఊరి నడుమ సెన్ నది. నది మధ్య లంకలో నోటర్‌డామ్ చర్చి. 2019లో మంటల్లో పైకప్పు కూలిపోయిన ఆ చర్చిని బాగుచేసి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఈఫిల్ టవరు సంగతి అందరికీ తెలిసిందే, నేను వర్ణించనక్కరలేదు. నన్ను ఆకట్టుకున్నవి మాత్రం వీధుల్లోని కాఫీ హోటళ్లు. చిన్నచిన్న గుండ్రటి బల్లలు, కుర్చీలన్నీ వీధి వైపే తిరిగి ఉంటాయి. మన తాతలు సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసేవారే, అచ్చం అలాగే ఆ ఊరివాళ్లూ గంటల తరబడి కూర్చుంటారు. కాఫీ మాత్రం ఉగ్గుగిన్నెడు ఇస్తారు, పాలు లేకుండా. "ఇది కాఫీయా, తీర్థమా?" అన్నారు మావారు.

ప్యారిస్ గొప్పింటివాళ్లకి కాఫీ మోజు పుట్టించినవాడు 1669లో టర్కీ సుల్తాను తరఫున రాయబారిగా వచ్చిన సులేమాన్ ఆగా. ఆయన ఇంట్లో విందులకు వెళ్లిన దొరసానులు ఆ నల్లటి పానీయం రుచి మరిగారు. తర్వాత 1686లో సిసిలీ నుంచి వచ్చిన ప్రొకోపియో అనే ఆయన అద్దాలూ దీపాలూ అమర్చి ఒక కాఫీ హోటలు పెట్టాడు. ప్రొకోప్ అనే ఆ పేరుతో అది ఈనాటికీ ఉంది. వోల్టేర్, రూసో, డిడెరో వంటి మహామహులు అక్కడ కూర్చుని వాదించుకున్నారు. ఇక 1789 జులై 12న డెమూలిన్ అనే యువకుడు మరొక కాఫీ హోటలు ముందు బల్లెక్కి "ఆయుధాలు పట్టండి" అని జనాన్ని రెచ్చగొట్టాడు. రెండు రోజులకే బాస్టీల్ కోట కూలింది.

మరి ఆడవాళ్లో? ఆ చర్చల్లో మనకు చోటు తక్కువే. హోటలు గల్లాపెట్టె దగ్గర యజమాని భార్య కూర్చునేది. బయట వీధి మూలల్లో బీద స్త్రీలు రేకు పాత్రలు వీపున కట్టుకుని, తెల్లవారుజామునే పనికి పోయే కూలీలకు రెండు కాసులకు పాలకాఫీ పోసేవారు. వోల్టేర్ తాగిన కాఫీ చరిత్రకెక్కింది. వీళ్లు పోసిన కాఫీ గురించి రాసినవారు ఒకరిద్దరే.

అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. ఆ రోజుల్లో ప్యారిస్ తాగిన కాఫీలో ఎక్కువ భాగం ఎక్కణ్ణుంచి వచ్చేది? సముద్రాల ఆవల సెయింట్ డొమింగో అనే ఫ్రెంచి వలస నుంచి. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చిన బానిసలు కొరడా దెబ్బలు తింటూ ఆ తోటలు పెంచారు. 1789 నాటికి ప్రపంచంలోని కాఫీలో దాదాపు సగం అక్కడే పండేది. మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని ఆ ఏడాది వెర్సాయ్‌లో ప్రకటన రాశారు. ఆ మాట బానిసల దాకా పోలేదు. వాళ్లే 1791లో తిరగబడ్డారు. 1804లో హైతీ పేరుతో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు.

ప్యారిస్‌లో మరే అనే పాత పేట ఉంది. ఇరుకు సందులు, పెద్ద పెద్ద ప్రభువుల భవనాలు. ఆ వీధుల్లో తిరుగుతుంటే నాకు మన విశాఖ మన్యమే తలపుకొచ్చింది. ఎందుకంటే 2017లో ఆ పేటలోనే "అరకు" పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. మన కొండల పేరు, ఫ్రెంచి వీధిలో, బోర్డు మీద!

అయితే అరకు కొండల్లోకి కాఫీ ఎలా వచ్చింది? దాన్ని తెచ్చింది ఆంగ్లేయులే. 1898లో తూర్పుగోదావరి మన్యంలో పాములేరు లోయలో మొదట నాటారు. 1920ల నాటికి పాడేరు, అరకు కొండలకు పాకింది. సరిగ్గా ఆ కాలంలోనే ఆ కొండలు రగులుతున్నాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగు మీదా, అడవిలో పుల్ల విరిచే హక్కు మీదా ఆంక్షలు పెట్టింది. రోడ్డు పనులకు గిరిజనులను సరైన కూలి ఇవ్వకుండా తోలుకుపోయారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోయిన కథ మనకందరికీ తెలుసు. అలా రగిలిన కొండల పేరే పోయి పోయి తిరుగుబాట్ల నగరంలో బోర్డెక్కింది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1960 నుంచి అటవీ శాఖవారు రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు పెంచారు. పోడు మానిపించడానికీ, మట్టి కొట్టుకుపోకుండా చూడటానికీ ఇదొక ఉపాయం అనుకున్నారు. అప్పుడు గిరిజనులు ఆ తోటల్లో కూలీలే. తమ కొండ మీద తామే దినకూలీ! క్రమంగా ఐ.టి.డి.ఎ. ద్వారా ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో సొంత తోట ఏర్పడింది. ఇప్పుడు పాడేరు మన్యంలో కాఫీ 2 లక్షల ఎకరాలకు పైమాటే. బగతలు, కొండదొరలు, కోటియాలు, ఖోందులు, పోర్జాలు, వీళ్లే ఆసాములు. చరిత్రలో నాకు నచ్చిన మలుపు ఇదేనండీ. కాఫీ పండించే మనిషే తోటకు యజమాని కావడం.

ఈ యాజమాన్యం ఊరికే నిలబడలేదు. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959 నాటి నిబంధనలను 1970లో గట్టి చేశారు. దాన్నే మన్యంలో "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. అయినా బొర్రా గుహల చుట్టుపక్కల అనంతగిరి ఊళ్లలో గనులకు లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమినైనా సరే ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని! ఈ కొండల కడుపులో బాక్సైట్ ఉంది. దానికోసం కొండ తవ్వితే పైనున్న నీడ చెట్లు పోతాయి. నీడ లేనిదే మన్యపు కాఫీ మొక్క బతకదు. కనుక ఈ తీర్పు మన చేతిలోని కప్పుకి కూడా సంబంధించినదే.

తోటలో పని ఎక్కువగా ఆడవాళ్లదే. వేసవి ముందు జల్లు పడగానే కొమ్మల నిండా మల్లెల్లాంటి తెల్లటి పూలు పూస్తాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడతాయి. అన్నీ ఒక్కసారి పండవు. ఎర్రటివి మాత్రమే ఒక్కొక్కటిగా ఏరాలి, పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది. అందుకని అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ పోవాలి. తర్వాత తొక్క తీసి, కడిగి, ఆరబెట్టాలి. ఇంత ఓపిక ఉంది గనుకనే 2018లో ప్యారిస్‌లో అరకు కాఫీకి బంగారు బహుమతి వచ్చింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు.

శీతాకాలం సెలవులకు పిల్లలను తీసుకుని విశాఖ నుంచి రైల్లో అరకు వెళ్లేవారు చాలామంది ఉంటారు. ఇనుప ఖనిజం మోయడానికి 1960ల్లో వేసిన దారి అది. ఆ సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టడం మామూలే. దిగాక ఊళ్ల వైపు నడిస్తే, ఇళ్ల ముందు పట్టాల మీద గింజలు ఆరబోసి కనిపిస్తాయి. పక్కనుంచి నడవండి. అక్కడ కూర్చుని రాళ్లేరుతున్న ఆవిడతో మాట కలపండి. ఈ ఏడు కిలోకి ఎంతొచ్చిందో అడగండి, ఆవిడే చెబుతుంది.