చీరాల వాళ్లు పన్ను ఎగ్గొట్టారా?

మొన్న ఇంటికి టైల్స్ కొన్నాను. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది సార్, వద్దంటే ఇంతకే ఇచ్చేస్తా" అన్నాడు షాపాయన. బిల్లు లేకుండానే తెచ్చాను. పక్కనున్న స్నేహితుడు, "అప్పట్లో చీరాల వాళ్లు కూడా కట్టలేదుగా, తప్పేముందిరా?" అని నవ్వాడు. ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

అసలు చీరాలలో ఏం జరిగింది? 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. పారిశుద్ధ్యం బాగుపడుతుందన్నది సర్కారు వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అక్కడున్న వాళ్లలో చాలామంది చేనేత వాళ్లు, చిన్న రైతులు. పన్ను ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. మున్సిపాలిటీ మాకొద్దని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టమని బాహాటంగా చెప్పి కొందరు జైలుకెళ్లారు. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. పన్ను నిరాకరించి శిక్ష అనుభవించడం ఒక దారి, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండో దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం రెండో దారి పట్టారు. వేలమంది ఇళ్లు వదిలేసి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు.

ఒక రకంగా ఇదీ పన్ను తప్పించుకోవడమే కదా అనొచ్చు. కానీ తేడా చూడండి. మండుటెండల్లో మొదలుపెట్టి సుమారు 11 నెలలు ఆ పాకల్లోనే ఉన్నారు. ఊళ్లో సుఖాలు అనుభవిస్తూ డబ్బు దాచుకోలేదు. పన్నుతో పాటు ఊరినీ వదులుకున్నారు. దుగ్గిరాల నిషేధాజ్ఞ ధిక్కరించి, బరంపురంలో అరెస్టయి ఏడాది జైలుకెళ్లారు. చివరికి జనం తిరిగి ఇళ్లకొచ్చేశారు. మున్సిపాలిటీ మిగిలింది. ఓడిపోయారు. అయినా ఎవరి దగ్గరా తల దించుకోవాల్సిన పని లేకపోయింది.

మరి నేను? వాళ్ల మాటకు సర్కారులో విలువ లేదు. నాకు ఓటుంది. పన్ను ఎక్కువనిపిస్తే పైకి అడగొచ్చు. నేను అడగలేదు, గుట్టుగా మిగుల్చుకున్నాను. ఆ టైల్స్ వచ్చింది సర్కారు రోడ్డు మీదే. నేను కట్టని వాటా ఇంకెవరి నెత్తిమీదో పడుతుంది.

నిన్న షాపాయనకు ఫోన్ చేశాను, బిల్లు రాయమని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగతా డబ్బు తీసుకుని రేపు వెళ్తున్నాను.