ఇద్దరు రాశారు, పదిమంది పాడారు

ఆకివీడు నుంచి భీమవరం వెళ్ళే దారిలో ఉండి తగులుతుంది. ఆ మండలంలోదే యండగండి. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1872లో పుట్టిన ఊరు అది. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు 1870లో గోదావరి అవతల కడియంలో పుట్టారు. ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చింది మాత్రం తాడేపల్లిగూడెం పక్కనున్న కడియద్ద. అక్కడ చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారి దగ్గర ఇద్దరూ చదువుకున్నారు. అంటే తెలుగువాళ్ళకు తిరుపతి వేంకట కవులు దొరికింది మా గట్ల మీదే.

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు హార్మనీ వాయించి బతికినవాణ్ణి నేను. నాకు అన్నం పెట్టినవి వాళ్ళ పద్యాలే. ఆ పద్యాల గొప్పతనం పండితులు చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది వాళ్ళు కలిసి పనిచేసిన పద్ధతి గురించి, ఆ పద్ధతి నాటకం ఆడే మా దాకా ఎలా వచ్చిందో దాని గురించి.

కడియద్దలో చదువుకునే రోజుల్లో ఇద్దరి మధ్యా పోటీ ఉండేదట. వినాయక చవితికి చందాలు పోగుచెయ్యడానికి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళి, ఎవరి నేర్పు వాళ్ళు చూపించి, చివరికి ఒకరి శక్తిని మరొకరు గుర్తించి జతకట్టారని చెబుతారు. జతకట్టాక చేసుకున్న ఏర్పాటు చూడండి: పద్యం ఎవరు చెప్పినా ఇద్దరి పేరుతోనే లోకానికి వెళ్ళాలి. వయసులో చిన్నవారైన తిరుపతి శాస్త్రి గారి పేరే ముందు నిలిచింది. 1920లో ఆయన పోయారు. వేంకట శాస్త్రి గారు ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికారు, 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థాన కవిని చేసింది. అయినా తాను ఒక్కరే రాసినవాటిని కూడా జంట పేరుతోనే వేసుకున్నారు.

మన సాహిత్యంలో జంటకవులు వీళ్ళతోనే మొదలు కాలేదు. పదిహేనో శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగయ కలిసి ‘ప్రబోధచంద్రోదయం’ రాశారు. తిరుపతి వేంకట కవులు ఆ జంటపనిని కాగితం మీద నుంచి సభలోకి తెచ్చి, జనం కళ్ళెదుట చేసి చూపించారు. అవధానమంటే కాలాన్ని ముక్కలు చేసి పంచే విద్య. శతావధానంలో నూరుమంది పృచ్ఛకులు కూర్చుంటారు. మొదటివాడికి పద్యంలో ఒక్క పాదం చెప్పి ఆపాలి, రెండోవాడి దగ్గరికి పోవాలి. అలా నూరో మనిషి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటివాడి దగ్గరికొచ్చి రెండో పాదం. నాలుగు ఆవృత్తాలూ పూర్తయ్యాక అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఒకరు చేస్తేనే మతి పోయే ఈ పనిని వీళ్ళు ఇద్దరై చేశారు. ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని మరొకరు పూరించేవారు. అంటే పక్కవాడి మనసులో ఏముందో, ఎక్కడ వదిలిపెట్టబోతున్నాడో క్షణంలో పట్టుకోవాలి. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల్లో వీళ్ళను నెత్తిన పెట్టుకున్నారంటే ఆ ఒద్దికకే.

ఆ ఒద్దికతోనే మహాభారత కథను ఆరు నాటకాలుగా రాశారు: జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం. వీటిలో జనం గుండెల్లోకి దిగినవి ‘పాండవోద్యోగం’, ‘పాండవ విజయం’. పద్యానికి ఛందస్సు ఎంత గట్టిదో మాట అంత తేలిక. ద్వారకలో నిద్ర లేచిన కృష్ణుడు బావను పలకరించే పద్యం తీసుకోండి. మా ఊరి అరుగు మీద బావమరదులు కుశలం అడిగినట్టే ఉంటుంది. అందుకే బడి మొహం చూడని రైతు కూడా నాటకం పద్యాలు నోటికి చెబుతాడు. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’, 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సినిమాలు కూడా ఈ పద్యాలనే వాడుకున్నాయి.

పద్యాలు ఇలా అందరి నోళ్ళలో ఉండబట్టే కాంట్రాక్టు నాటకం పుట్టగలిగింది. పాత రోజుల్లో నాటక సమాజాలుండేవి. ఒక జమీందారో షావుకారో పోషిస్తే నటులంతా ఒకచోట ఉండి నెలల తరబడి సాధన చేసేవారు. పోషణ పోయాక కాంట్రాక్టరు వచ్చాడు. కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో ఊరి నుంచి, కర్ణుణ్ణి మరో జిల్లా నుంచి పిలిపిస్తాడు. రిహార్సలు ఉండదు. ఒకరి మొహం ఒకరు మేకప్ గదిలోనే చూసుకుంటారు. అయినా నాటకం నడుస్తుంది. ఎందుకంటే పుస్తకం అందరిదీ ఒకటే. ఎదుటివాడి పద్యంలో చివరి పాదం ఏదో ప్రతి ఒక్కరికీ తెలుసు. అది వినపడగానే తన మాట అందుకుంటాడు.

ఇందులోనే ఒక వింత ఏర్పాటు వచ్చింది. ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. ద్వారకలో కృష్ణుడు నిద్ర లేచే పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు వంటి వాళ్ళ పేర్లు కరపత్రం మీద చూస్తే పక్క ఊళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. బయటి వాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది గానీ మా వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. మనుషులు మారినా కృష్ణుడు ఒక్కడే.

ఈ ఏర్పాటు బరువంతా హార్మనీ మీద పడుతుంది. మొదటి కృష్ణుడు ఐదు శ్రుతి అంటాడు, రెండో ఆయనకు నాలుగే హాయి. దుర్యోధనుడికి ఇంకోటి. తెర లేవకముందే మేకప్ గదిలోకి వెళ్ళి అందరి శ్రుతులూ అడిగి, చీటీ మీద రాసుకుని, పెట్టె పైన అంటించుకునేవాణ్ణి. సీను మారగానే తబలా అతనికి కనుసైగ, అతను సుత్తితో సరిచేసుకునేలోగా నేను కొత్త శ్రుతి పట్టి ఉంచాలి. నటుడు పద్యం ఎత్తుకునేసరికి అది అతని చెవిలో పడాలి. ఇక అసలు కష్టం రాగం దగ్గర. మోహనలో పద్యం ముగిసింది, జనం వన్స్‌మోర్ అన్నారు, నటుడికి ఊపొచ్చింది. ఆలాపన సాగుతూనే ఉంటుంది. రాయబారం కృష్ణుడు కిరీటం పెట్టుకుని తెర పక్కన నిలబడి ఉంటాడు, తెల్లారితే చేలకు పోవాల్సిన వాళ్ళు ముందు కూర్చుని ఉంటారు. అప్పుడు నేను అతని సంగతుల వెంట పోవడం మానేసి షడ్జమం మీద నిలిచిపోయేవాణ్ణి. తెలిసిన నటుడికి అది చాలు. మర్యాద చెడకుండా రాగం దించుకుని పక్కవాడికి చోటిచ్చేవాడు. రాత్రి పది దాటాక మొదలైన నాటకం కోడికూతకు ముగిసిందంటే, ఇలా ఒకరికొకరు చోటిచ్చుకోబట్టే.

చోటివ్వని వాళ్ళూ ఉన్నారు. పద్యానికి పద్యం పోటీ పెట్టుకుని, రాగాలతోనే రాత్రంతా గడిపి, రాయబారం సగంలో ఉండగానే తూర్పు తెల్లారిన సందర్భాలు ఉన్నాయి. కాంట్రాక్టు నాటకానికి చెడ్డపేరు తెచ్చింది అదే. దానికి జవాబు మా కొల్లేటి మనిషే చెప్పారు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు గారు ఏలూరులో వకీలు. కృష్ణ పాత్రలో పేరుమోసిన నటుడు. ఏలూరులో 1938లో ప్రభాత్ థియేటర్స్ పెట్టి, ఒక బృందంగా సాధన చేసి ఆడే పద్ధతిని నిలబెట్టారు. పద్యంలో భావం ముందు, రాగం తర్వాత అన్నది ఆయన మార్గం. తర్వాత కూచిపూడి నాట్యం కోసం కూడా అంతే పాటుపడ్డారు. తాను బాగా పాడగలిగిన మనిషి రాగాన్ని అదుపులో పెట్టుకోవడం చిన్న విషయం కాదు. కలిసి పనిచేయడమంటే తన ప్రతిభలో కొంత అణుచుకోవడమని ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు పౌరాణిక నాటకం సంక్రాంతికో, దసరాకో, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళ వంటి జాతరలకో మిగిలింది. పాడే పిల్లలు లేక కాదు. మా వైపు ఈనాటికీ మంచి గొంతులు ఉన్నాయి. పోయింది సమయం. ముందు డాన్సులు, సన్మానాలు పెట్టి, అర్ధరాత్రి దాటాక నటుల్ని స్టేజీ ఎక్కించి, గంటలో ముగించమంటున్నారు. పడకసీనులో నాలుగు, రాయబారంలో నాలుగు పద్యాలు పాడించి పంపేస్తున్నారు. నటుల మధ్య పొత్తు కుదరాలంటే కథకు మొదలూ నడుమా చివరా ఉండాలి. ముక్కలు పాడినంత మాత్రాన అది నాటకం కాదు, పాటకచేరీ అవుతుంది.

ఉత్సవ కమిటీల పెద్దలకు నా మనవి రెండే. నాటకానికి ఒక పూర్తి రాత్రి ఇవ్వండి, చెప్పిన వేళకు తెర లేపండి. ఇక కరపత్రం మీద దాతల పేర్లు, నటుల ఫొటోలు ఎలాగూ వేస్తున్నారు. వాటి పైన ‘రచన: తిరుపతి వేంకట కవులు’ అని ఒక్క వరస వేయించండి. పేరు కోసం ఏనాడూ తగువులాడుకోని ఆ ఇద్దరికీ, వాళ్ళు కలిసి చదువుకున్న ఈ నేల మీద అదైనా దక్కాలి.