స్వర్ణముఖి ఒడ్డున తొలి అడుగులు

ఏథెన్స్, స్పార్టా పేర్లు బడిలో బట్టీ పట్టాం. కొండలు అడ్డుపడి గ్రీసు ఒక్క రాజ్యం కాలేక ఊరికో రాజ్యంగా ఎదిగిందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. తిరుపతికి కూతవేటు దూరాన ఉన్న గుడిమల్లం పేరు మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. మా సీమ దక్షిణపు కొసకూ కొండలే రూపమిచ్చాయి. కాకపోతే ఇక్కడ కోటల కంటే చాలా ముందు వాగులే మనిషిని నిలబెట్టాయి.

రేణిగుంట దగ్గర రాళ్లకాలువ ఒడ్డున పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. పేరుకు తగ్గ వాగే! తర్వాత ఇనుము తెలిసిన కాలం. పలమనేరు వైపు బండలు నిలబెట్టి, ఒక పలకకు గుండ్రటి కంత తొలిచి, పైన మరో బండ కప్పిన సమాధులు ఉన్నాయి. జనం వాటిని పాండవుల గుళ్లంటారు. ఎవరు కట్టారో తెలియని దేన్నైనా పాండవుల ఖాతాలో వేయడం మనకు అలవాటే.

అసలు ఆగి చూడాల్సింది గుడిమల్లంలో. గర్భగుడి వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రం. లోపల పల్లంలో దాదాపు ఐదడుగుల నున్నటి ముదురు గోధుమరంగు లింగం. దాని ముందువైపు శివుడు మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడ్డాడు. కుడిచేత్తో పొట్టేలును వెనకకాళ్లు పట్టి తలకిందులుగా వేలాడేశాడు. ఎడమచేతిలో చిన్న నీళ్ల కుండ, భుజాన గొడ్డలి. ఒంటి మీద జంధ్యం లేదు. పూజారి హారతి పళ్లెం కాస్త పక్కకు జరిపితే, పల్చటి పంచె మడతలు కూడా కనిపిస్తాయి. నాకైతే ఈ దేవుడు అడివి నుంచి నేరుగా ఇంటికొచ్చిన వేటగాడిలా ఉంటాడు.

ఈ లింగం కాలం క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాలని ఎక్కువమంది పండితుల మాట. గ్రీకు రాయబారి హీలియోడోరస్ విదిశలో వాసుదేవుడికి గరుడస్తంభం ఎత్తించిన రోజులకు కాస్త అటూ ఇటూ. 1973-74లో ఐ. కార్తికేయ శర్మ ఇక్కడ తవ్విస్తే లింగం చుట్టూ రాతికంచె, శాతవాహనుల నాటి పెద్ద ఇటుకలు బయటపడ్డాయి. అంటే మొదట ఈ స్వామికి కప్పు లేదు. ఎండా వానా ఆయన మీదే.

గుడిమల్లానికి దగ్గర్లోనే పాపానాయుడుపేట. ఆ ఊరి పేరు చెబితే గాజుపూసలు గుర్తొస్తాయి. కొలిమిలో కరిగిన గాజును పొడవాటి ఇనపగొట్టం కొసకు చుట్టి, సన్నటి బోలు తీగగా బయటికి లాగుతారు. దాన్ని ముక్కలు కోసి, బూడిదలో కలిపి మళ్లీ వేడిచేస్తే పదును అంచులు గుండ్రబడతాయి. రెండువేల ఏళ్ల కిందట పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలు చేసిన పద్ధతీ ఇదే. అరికమేడును, ఒకటో శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన నావికుల పుస్తకం ‘పెరిప్లస్’లోని పొడుకె రేవుగా గుర్తిస్తారు. యవనుల ఓడలు ఆగిన చోటి పనితనం, ఆ ఓడలు మానేసిన తర్వాత వందల ఏళ్లకూ, స్వర్ణముఖి నది దాపున కొలిమి ఆరకుండా బతికింది. ఈ సంగతి నాకు ఏ శాసనం కన్నా పెద్దదిగా తోస్తుంది.

సంగం కవులకు వేంగడం, అంటే మన తిరుమల కొండ, తమిళనాటి ఉత్తరపు హద్దు, పుల్లి అనే నాయకుడి కొండ. ఆ తర్వాత పల్లవులు, బాణులు, చోళులు వరసగా వచ్చిపోయారు. గుడిమల్లం గోడల మీద వాళ్ల శాసనాలున్నాయి. తొండమనాడులో చోళరాజు మొదటి ఆదిత్యుడి సమాధి మీద లేచిన గుడి ఉంది. భాష విషయంలో ఈ నేల ఎన్నడూ ఒక్కదానికి కట్టుబడలేదు. శాసనం తమిళంలో ఉంటుంది, చదివించుకునేవాడు తెలుగువాడు.

966లో సామవై అనే పల్లవ రాణి తిరుమలకు వెండి విగ్రహం ఒకటి, నగలూ భూమీ ఇచ్చింది. ఆ విగ్రహమే భోగశ్రీనివాసుడు. రాత్రి ఏకాంతసేవలో ఇవాళ్టికీ పవళించేది ఆయనే.